పడని పండు

నంద్యాల
6-5-1955

ప్రియమైన బావకు,

నువ్వు బస్సెక్కించిన రోజు సాయంత్రానికే ఇల్లు చేరాను. దారి పొడవునా కొంగు మొహం మీదికి లాక్కుని కూర్చున్నాను. పక్కనున్న ముసలామె తొంగిచూసి, "ఏమ్మా, అమ్మవారు పోసిందా?" అని అడిగింది. కాదంటే మరేమిటని అడుగుతుందని ఊఁ అన్నాను. ఆమె సంచీ తీసుకుని వెనక్కి పోయింది. నంద్యాల వచ్చేదాకా ఆ చోట ఎవరూ కూర్చోలేదు.

ఇంటికి వస్తే అమ్మ నన్ను గుర్తుపట్టలేదు. "ఎవురు కావల్లమ్మా?" అంది. కన్నతల్లి, బావా! నేను "అమ్మా" అన్నాకే చేతిలో చెంబు కింద పెట్టి వచ్చి పట్టుకుంది.

ఇప్పుడు కొంచెం నయం. కళ్ళు తెరుచుకుంటున్నాయి. పెదవుల చుట్టూ, మెడ మీద లేచిన నీటిబొబ్బలు చితికి పక్కు కడుతున్నాయి. వేళ్ళ సందుల్లో దురద మాత్రం ఓర్చుకోలేను. అమ్మ వేపాకు నూరి రాస్తోంది. పోయిన ఎండాకాలం కొద్దిగా వచ్చి పోయింది కదా, అలాగే ఇదీ పోతుందనుకున్నాను. ఇంతగా మొహమే మారిపోతుందనుకోలేదు.

అత్త మీద నాకు కోపం లేదు. ఆమె కోడల్ని తరిమినట్టు తరమలేదు. "మా పుట్టింటి రోగమే నీకూ తగులుకునె. మా శేషయ్యకూ ఇట్లనే చేతులకాడ మొదలాయ. పిల్లను ముట్టొద్దు, పో తల్లీ" అని ఏడుస్తూ చెప్పింది. ఆమె నాకు అత్త కాకముందు మా నాయన తోడబుట్టింది. శేషయ్య చిన్నాయన వాళ్ళిద్దరికీ తమ్ముడు. పెద్దరోగమని, కుష్ఠని ఊరంతా అన్నాక ఒంటరిగా గుడిసెలో ఉండి చనిపోయాడని విన్నానే గాని, నేనాయన్ను చూడలేదు. చూసిన మనిషికి ఎంత భయముంటుందో అనుకుంటాను.

కానీ రంగిని తలుచుకుంటే నిలవలేను. నాలుగేళ్ళ పిల్లకు ఏమని చెప్పావు? అది నా చెవితమ్మె పట్టుకోనిదే నిద్రపోదు. ఎట్లా పడుకుంటోందో తప్పక రాయి. నీ సంగతీ రాయి. కోతల రోజులు, వేళకు తినవని తెలుసు.

నీ రాత కోసం వాకిట్లోనే ఉండే
ఉమ

*

ఆళ్ళగడ్డ
14-5-1955

ప్రియమైన ఉమకు,

నీ ఉత్తరం తోటలో అందింది. చెట్టు దిగి, అక్కడే నిలబడి చదువుకున్నాను. కళ్ళు తెరుచుకున్నాయని రాశావు, అది చాలు.

రంగి మొదటి రెండు రోజులు ఎవరి దగ్గరికీ పోలేదు. మూడోనాడు జేజి పక్కన పడుకుని చెవి పట్టుకుంది. కమ్మ గుచ్చుకుందని ఏడ్చింది. మా అమ్మ లేచి కూర్చుని కమ్మలు రెండూ తీసి పెట్టెలో వేసింది. పెళ్ళినాటి నుంచి తీయని కమ్మలవి. ఇప్పుడు బోసిచెవులతో తిరుగుతోంది. పిల్ల మాత్రం రోజూ నన్ను అడుగుతుంది: "నాయనా, అమ్మ మొగం మానెనా? ఎప్పుడు తోలకొస్తావ్?"

నీ కోసం అమ్మతో మాట్లాడాను. "నా తమ్ముణ్ణి నేను సూసుకున్నా, ఇంగొకరిని సూడలేను" అంటుంది.

మామిడి ఈసారి విరగకాసింది. కూలివాళ్ళు చాలక నేనే గెడకు చిక్కం కట్టి కోస్తున్నాను. తొడిమ తెగినప్పుడల్లా సొన చిమ్మి చేతులూ చొక్కా నల్లబడిపోయాయి. సున్నం పెట్టి రుద్దినా పోదు. ఇల్లంతా పండ్ల వాసన. నీకు నచ్చే వాసనే గాని, నువ్వు లేకుంటే తల నొస్తోంది.

బస్సు కండక్టరు చేత ఒక గంప పంపుతున్నాను. అన్నీ బావికాడి చెట్టు బేనీషాలే. తోలు కూడా వదలకుండా నమిలే మనిషివి, నీకు కాక ఎవరికి పంపను? తిని ఒళ్ళు బాగుచేసుకో. కోత కాస్త తెరిపిచ్చిన రోజు, నేనే వచ్చి వాలతాను.

నీ బావ
ఓబులేసు

*

నంద్యాల
9-6-1955

ప్రియమైన బావకు,

నువ్వు వచ్చి ఉన్న రెండు రోజులూ ఇల్లు ఇల్లులా ఉంది. తోట నుంచి తిన్నగా బస్సెక్కి, ఆ మరకల చొక్కాతోనే దిగావు చూడు, అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నా మొహం చూసి నువ్వు వెనకాడతావేమోనని బెదిరాను. నువ్వు రెండు చేతులతో పట్టుకుని వెలుతురుకు తిప్పి, "మచ్చ గూడా లేదు కదే" అన్నావు. ఆ మాట రోజంతా నాలో నేనే అనుకుంటూ ఉంటాను.

రాయకూడదనుకున్నాను గాని దాచలేను. నువ్వు వెళ్ళిన మరునాటికే చెంపలు మండాయి, తర్వాత మళ్ళీ బొబ్బలు. మెడ, భుజాలు, పెదవులు, అన్నీ. నువ్వు పంపిన గంప అందిన వారంలో కాస్త రేగినా, నువ్వు వచ్చేనాటికి పూర్తిగా మానిందనుకున్నదే, బావా.

పక్కింటి హన్నమ్మ ఆసుపత్రిలో నర్సు. ఊరుకోకుండా నన్ను వెంటబెట్టుకుని పోయింది. డాక్టరమ్మ నా కళ్ళు మూయించి, మచ్చ ఉన్న చోటల్లా కోడి ఈకతో తాకి, "తెలుస్తోందా?" అంది. చక్కిలిగింతలకు నవ్వొచ్చింది. సూదితో పొడిస్తే అబ్బా అన్నాను. దురద ఉందా అంటే, గోకి గోకి ప్రాణం పోతోందన్నాను. ఆమె ఈక పక్కన పెట్టి చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఇది నువ్వు భయపడే రోగం కాదు. దానిలో మచ్చకు స్పర్శ పోతుంది, ఇట్లా దురద పెట్టదు. నీ ఒంటికి ఏదో వస్తువు పడటం లేదు. అదేమిటో కనిపెట్టాలి."

ఈ మాట అత్తకు చదివి వినిపించు.

కనిపెట్టమంది కాబట్టి కనిపెడుతున్నాను. వంకాయ మానేశాను. గోంగూర మానేశాను. చేప, గుడ్డు మానేశాను. అమ్మకు కూర వండటమే కష్టమైపోయింది. నువ్వు తెచ్చిన పండ్లు మాత్రం మానలేదు. అవి చిన్నప్పటి నుంచీ తింటున్నవే కదా, పైగా మనింటివి.

రంగికి నేను ముద్దు పెట్టానని చెప్పు. ముట్టుకోకుండా చెప్పే ముద్దుకు అత్త కూడా అడ్డం చెప్పదు.

ఎప్పటికీ నీ
ఉమ

*

ఆళ్ళగడ్డ
2-11-1955

ప్రియమైన ఉమకు,

ఇది చిన్న ఉత్తరమే, ఎందుకంటే దీని వెనకే నేను వస్తున్నాను. వానలు మొదలైనప్పటి నుంచీ ఒక్క బొబ్బ లేదని నువ్వు రాసిన ప్రతిసారీ అమ్మకు చదివాను. డాక్టరమ్మ మాట ఆమె నమ్మలేదు, నెలలు గడవడం చూసి నమ్మింది. నిన్న తనంతట తానే, "పోయి పిలుచుకోని రాపో, పిల్ల కుశాలుగా ఉంటాది" అంది. రంగి ఇప్పటి నుంచే తలుపు దగ్గర నిలబడింది.

గురువారం పొద్దుటి బస్సుకు వస్తాను. మూట కట్టుకుని ఉండు.

కాలు నిలవని
నీ బావ

*

నంద్యాల
27-4-1956

ప్రియమైన బావకు,

మళ్ళీ ఇక్కడి నుంచి రాస్తున్నాను. ఐదు నెలలు నీకు ఉత్తరం రాసే పనే లేకపోయింది. ఆ ఐదు నెలలే నా బతుకులో మంచికాలమని ఇప్పుడు తెలుస్తోంది. పారువేటకు స్వామి పల్లకి మన ఊరికి వచ్చిన రోజు రంగిని నువ్వు భుజాన ఎక్కించుకుంటే, అది నా జుట్టు వదలక ముగ్గురం ఒకే మనిషిలా నడిచాము. జ్ఞాపకముందా?

ఈసారి వస్తుందని నేననుకోలేదు. మొదటి కోత ఇంటికి వచ్చింది, మాగేసే గదిలో గడ్డి పరిచి కాయ సర్దింది నేనే. రెండు రోజులు తిరగకముందే మోచేతుల దాకా లేచింది. మొహం ఉబ్బింది. అత్త ఈసారి ఏడవలేదు, బావా. అది చూసే నాకు భయం వేసింది. పిల్ల పక్క తీసి తన గదిలో వేసుకుని, "కాలం జూసి లేస్తాండాది. అట్లాంటి రోగం మానేది కాదు" అని గోడ వైపు తిరిగి చెప్పింది. డాక్టరమ్మ మాట నాకే అనుమానంగా ఉంది.

రంగి నిద్రలో ఉండగా వచ్చేశాను. లేచాక ఏమంది?

నువ్వు బస్సు దగ్గర ఒక్క మాటా మాట్లాడలేదు. నువ్వు మాట్లాడకపోతే నాకు దిక్కు తోచదు. త్వరగా రా.

నీ
ఉమ

*

ఆళ్ళగడ్డ
29-5-1956

ఉమకు,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. నేను వచ్చి వెళ్ళాక మళ్ళీ ఎక్కువైందని రాశావు. ఒళ్ళు జాగ్రత్తగా చూసుకో. కోత పని ఎక్కువగా ఉంది. ఇప్పట్లో రావడానికి కుదరదు. రంగి బాగుంది.

ఓబులేసు

*

నంద్యాల
18-6-1956

ప్రియమైన బావకు,

నీ కార్డు వచ్చి ఇన్నాళ్ళయింది. దాని మీద 'ప్రియమైన' లేదు, 'నీ' లేదు. అమ్మ "ఏం రాసినాడు?" అంటే పని ఎక్కువగా ఉందట అన్నాను.

కోత అయిపోయి ఉంటుంది ఇప్పటికి. తొలకరి కూడా పడింది. అయినా రాలేదు.

సూటిగా అడుగుతున్నాను. నన్ను చూస్తే అసహ్యం వేస్తోందా? వేస్తే తప్పు లేదు. అద్దంలో చూసుకుంటే నాకే వేస్తుంది. పోయినసారి నువ్వు ఒక్క పూటే ఉన్నావు. పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, ఏదో గుర్తొచ్చినట్టు చటుక్కున వదిలేశావు. ఆ వదిలిన తీరు నాకు మరపు రావడం లేదు.

రోగమైతే ఓర్చుకుంటాను. నువ్వు లేకపోవడం ఓర్చుకోవడం నాకు చేతకాదు. వాకిట్లో పాదరక్షల చప్పుడైతే చాలు, లేచి కూర్చుంటాను. పాలు పోసే మనిషని తెలిసి మళ్ళీ పడుకుంటాను. నువ్వు మరిచిపోయిన తువ్వాలు ఒక్కటే నా దగ్గరుంది. దాన్ని తల కింద మడిచి పెట్టుకుని పడుకుంటున్నాను. దానిలో నీ వాసన ఉంది, తోట వాసన ఉంది. ఇంత రాయడానికి సిగ్గుగానే ఉంది గాని, ఇక నాకు దాచేదేముంది?

రానంటే రానని రాయి. రంగిని మాత్రం ఒక్కసారి దూరం నుంచైనా చూపించు.

ఉమ

*

నంద్యాల
5-7-1956

ప్రియమైన బావకు,

నువ్వు బదులు రాయకపోయినా ఇది రాయకుండా ఉండలేను. తెలిసింది, బావా! అదేమిటో తెలిసింది!

పోయిన వారం చెంప బాగా చీము పట్టింది. హన్నమ్మ మళ్ళీ లాక్కుపోయింది. డాక్టరమ్మ రెండు చెంపలూ మార్చి మార్చి చూసింది.

"ఒంట్లో అంతా తగ్గుతుంటే ఈ ఎడమ చెంప ఒక్కటే ఎందుకు రేగుతోంది? ఏ పక్కకు తిరిగి పడుకుంటావు?"

"ఎడమ పక్కకు."

"తల కింద ఏముంటుంది?"

హన్నమ్మ నా భుజం తట్టి, "చెప్పు తల్లీ, సిగ్గుపడితే పుండు మానుతాదా?" అంది.

"మా బావ తువ్వాలు" అన్నాను.

తెచ్చి చూపించమంది. మరునాడు పట్టుకుపోయాను. కిటికీ దగ్గర విప్పి, అంచుల్లో నల్లటి మరకలు చూసి అవేమిటని అడిగింది. మామిడి సొన, ఉతికినా పోదన్నాను. ఆమె తువ్వాలు బల్ల మీద పెట్టి, వెంటనే పోయి చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. "మీ వారు ఏం చేస్తారు?" అంది. తోట అన్నాను. "ఇది మొదట ఏ నెలలో వచ్చింది? రెండోసారి? అంతకు ముందు రోజు ఏం పని చేశావు?" నేను చెప్తూ చెప్తూ ఉంటే, చెప్పే మాటలు నాకే వినిపించాయి. మాగేసే గది. నువ్వు పంపిన గంప. తోట నుంచి తిన్నగా వచ్చిన నీ చొక్కా.

అయినా రూఢి చేయాలంది. నా మోచేతి లోపల మామిడి తోలు చిన్న ముక్క పెట్టి గుడ్డ చుట్టింది. రెండో చేతికి అరటి తోలు ముక్క. రెండు రోజులయ్యాక విప్పితే అరటి తోలు కింద ఏమీ లేదు. మామిడి తోలు కింద, ఆ ముక్క ఎంతుందో అంత మేరా ఎర్రగా బొబ్బలు! బొబ్బల్ని చూసి అంత సంతోషపడిన మనిషిని ఆ ఆసుపత్రిలో ఎవరూ చూసి ఉండరు. హన్నమ్మ, నేను ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాము.

చిన్నప్పటి నుంచీ తిన్నాను కదా అన్నాను. "కొందరి ఒళ్ళు కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది. తోటలో ఏళ్ళ తరబడి సొన తగిలి తగిలి, ఒకనాటికి ఇక ఓర్చుకోదు. తగిలిన రోజే లేవదు, ఒకటి రెండు రోజులు ఆగి లేస్తుంది. అందుకే ఎవరికీ పట్టుబడలేదు" అంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. నేను రంగిని ఎంత ముద్దాడినా దానికి రాదు.

నేను ఇక పండు, పచ్చికాయ, ఊరగాయ ఏదీ ముట్టకూడదు. ఆకు తెంపకూడదు, తోరణం కట్టకూడదు, మామిడి కట్టె పొయ్యిలో పెట్టకూడదు. జీడిపండూ, చాకళ్ళు గుర్తులు పెట్టే నల్లజీడీ దీనికి చుట్టాలేనట, వాటి దగ్గరికీ పోకూడదు. పొరపాటున తగిలితే ఆలస్యం చేయకుండా సబ్బుతో కడుక్కోవాలి. ఎప్పుడైనా నాలుక వాచినా, ఊపిరాడకపోయినా ఆ క్షణమే ఆసుపత్రికి రావాలి.

తోటలో పనిచేసిన మనిషి తలకు పోసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని నా దగ్గరికి రావచ్చునట. ఇది నేనే అడిగాను. రావాలని నీకు ఇంకా ఉంటేనే సుమా.

తువ్వాలు ఆసుపత్రిలోనే ఉంచేశారు. ఈ వారమంతా వట్టి చాప మీద పడుకున్నాను.

నీదో కాదో నువ్వే చెప్పాల్సిన
ఉమ

*

ఆళ్ళగడ్డ
13-7-1956

ప్రియమైన, ప్రియమైన ఉమకు,

మొదట నా మాట చెప్పనీ. అసహ్యమా అని అడిగావు. ఆ ఉత్తరం నా జేబులోనే ఉంది. ఏమని రాయాలో తెలియక కలం పట్టడం, పెట్టడం.

పోయినేడు నేను వచ్చి వెళ్ళాను, నీకు లేచింది. ఈ ఏడు వచ్చి వెళ్ళాను, లేచింది. నేను రాని నెలల్లో మానింది. అది చూసి నాకు ఒక్కటే తోచింది: రోగం నాలో ఉంది. అమ్మ పుట్టింటిదైతే, ఆ నెత్తురు నాలోనూ ఉంది కదా. నాలో దాగి ఉండి, ముట్టుకున్నప్పుడల్లా నీ మీద బయటపడుతోందనుకున్నాను. ఆ రోజు నీ చెయ్యి వదిలేసింది అందుకు. నువ్వు బాగుండాలంటే నేను రాకూడదనుకున్నాను. ఇది రాస్తే నువ్వు నాకోసం ఏడుస్తావు, రానిదానికి తిడితే తిడతావులే అనుకుని ఊరుకున్నాను.

రంగిని కూడా ఎత్తుకోలేదు, ఉమా. పరిగెత్తుకుని వస్తే "చేతులు మురికిగా ఉండాయి, జేజి కాడికి పో" అనేవాణ్ణి. నిన్న నీ ఉత్తరం చదివి, సబ్బుతో చేతులు కడుక్కుని పోయి ఎత్తుకున్నాను. అది నా మొహంలోకి చూసి, "కడుక్కున్యావా నాయనా?" అంది.

ఉత్తరం అమ్మకు చదివాను. అంతా విని, "మళ్ళీ సదువు" అంది. మళ్ళీ చదివాను. "పోయినేడు రాసిన్యాది, ఆ ఈకతో తాకినేది, అది గూడా సదువు" అంది. పెట్టె వెతికి అదీ చదివాను.

"దురదుంటే ఆ రోగం కాదనె కదా డాక్టరమ్మ?"

"అవునమ్మా."

"మా శేషయ్య గోకి గోకి నెత్తురు తీసుకుంటాండె" అంది. "వాని గుడిసె యాడ ఏపిచ్చినానో తెల్సునా నీకు?"

ఊరవతల అని విన్నానన్నాను.

"మన తోటలోనే రా. మన తోటకు కావలి సూసేకి వచ్చినాకనే వానికి లేసింది. ఊరోళ్ళు వాణ్ణి ఉండనీకపోతే, బావికాడ చెట్టు కింద నీడగా ఉంటాదని నేనే గుడిసె ఏపిస్తి. పాపం తింటాడులే అని దినామూ పండ్లు పంపిస్తాంటి. ఆడనే మూడేండ్లుండి, జొరమొచ్చి పాయ. వాని చేతికి ఈక తాకిచ్చి సూసినోళ్ళు ఒక్కరు లేకపోయిరి గదరా."

ఆయనకు నిజంగా ఆ రోగమే ఉందో, నీకున్నదే ఉందో ఇప్పుడు ఏ డాక్టరూ చెప్పలేడు. అదే మాట అమ్మతో అన్నాను. ఆమె తల ఊపింది గాని, అప్పటి నుంచీ నోట్లో మెతుకు పెట్టలేదు. పొద్దున చూస్తే మాగేసే గది గడ్డంతా తనే బయట వేయించి, నేల కడిగిస్తోంది. నిన్ను ఎప్పుడు పిలుచుకుని రావాలని అడిగితే, "గోడలకు సున్నం కొట్టనీ. కోడలికి మల్లా తగిలితే నేను ఓర్సుకోలేను" అంది.

నేను మాత్రం సున్నం ఆరేదాకా ఆగను. ఎల్లుండి వస్తున్నాను. తలకు పోసుకుని, చాకలి గుర్తు లేకుండా ఇంట్లోనే సబ్బుతో ఉతికిన బట్టలు, కొత్త తువ్వాలు. రంగిని తెస్తున్నాను.

నీ
నీ
నీ బావ

*

నంద్యాల
12-4-1957

ప్రియమైన బావకు,

క్షేమంగా చేరాము. రంగి కిటికీ పక్కన కూర్చుని, నంద్యాల వచ్చేదాకా దారిలో కనిపించిన ప్రతి ఎద్దునూ పలకరించింది. ఇప్పుడు అవ్వ ఒళ్ళో ఉంది.

ఈసారి ఎవరూ పంపలేదు, నాకై నేనే వచ్చాను. పూత రాలి పిందె కట్టిన రోజు నుంచీ ఇల్లంటే నాకు భయమేస్తోంది. అత్త నా వెంట వెంట తిరిగి, నేను ముట్టబోయే ప్రతి గంపా ముందు తను చూసి, మనుషుల మీద అరిచి, పాపం అలిసిపోతోంది. కాయ కోతకు వచ్చాక ఎంత జాగ్రత్త పడినా లాభముండదు. అందుకే ఏటా ఈ మూడు నెలలూ ఇక్కడే ఉంటానని చెప్పాను. నువ్వు ఒప్పుకున్నావు. ఒప్పుకోక ఏం చేస్తావు?

చెట్లు తీసేయమని నేనెన్నడూ అడగను. మామ నాటినవి. మనం తినే తిండి అవి.

కానీ బావా, బస్సు కదిలినప్పుడు మునుపటి కన్నా ఎక్కువ దుఃఖం వచ్చింది. మునుపు రోగమని, రాత అని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు నాకూ రోగం లేదు, నీకూ లేదు. మనిద్దరి మధ్య ఒక పండు ఉంది, అంతే. ఊరంతా సంతోషంగా తినే పండు. వీధిలో "బేనీషా, బేనీషా" అని బండి పోతుంటే, సందులోంచి చూసి తలుపు వేసుకుంటాను.

అందరికీ చలవ తెచ్చే నెలలు వేరు. నాకు మాత్రం కాయ అయిపోయిందన్న కబురే చలవ. త్వరగా పంపు.

దూరంగా ఉన్నా నీదైన
ఉమ

*

ఆళ్ళగడ్డ
20-4-1958

ప్రియమైన ఉమకు,

ఈ ఏడు నువ్వు వెళ్ళేటప్పుడు నేను ఉల్లాసంగా ఉన్నానని నీకు కోపం వచ్చింది. "మేం పోతాంటే నీకు పండగలాగుందే" అన్నావు. బదులు చెప్పలేదు. చెప్తే పాడవుతుందని.

వక్కిలేరు ఒడ్డున మన జొన్నచేను గట్టు మీద రెండు గదుల ఇల్లు వేశాను. గోడలు నువ్వు ఉండగానే లేచాయి. పశువుల కొట్టమని నీకు చెప్పింది అదే. నువ్వు బస్సెక్కిన మరునాడు పైకప్పు వేయించాను. చుట్టూ చొప్ప తప్ప ఏమీ లేదు. తోట వైపు గాలి కూడా అటు రాదు. వాకిట్లో వేప ఒకటి ఉంది, నీడకు చాలు.

తోట ఈ ఏడు కాపు రుద్రవరం మనిషికి గుత్తకు ఇచ్చాను. కోత వాళ్ళదే, గంపలు వాళ్ళవే. మాగబెట్టేది కూడా వాళ్ళ ఊళ్ళోనే. వచ్చేది కొంచెం తగ్గుతుంది. తగ్గనీ. ఈ ఏడు నేను ఒక్క కాయ ముట్టలేదు. నాకు ఊహ తెలిశాక ఇదే మొదటిసారి. చేతులు చూసుకుంటే ఎవరివో అన్నట్టు తెల్లగా ఉన్నాయి.

ఇదంతా అమ్మకు చెప్పడానికే నేను భయపడ్డాను. ఇల్లు వదిలిపోతున్నావా అంటుందేమో అనుకున్నాను. ఆమె వచ్చి గదులు రెండూ తిరిగి చూసి, పెరట్లో బండ ఎక్కడ వేయాలో చూపించింది. "ఈడ నీళ్ళ తొట్టి కట్టీ. నేను పాతింట్లో ఉండుకోని తోట కాడ లెక్క సూసుకుంటా. సాయంత్రం ఈడికొచ్చి, ఈ బండ మీద తలకు పోసుకోని, వేరే కోక కట్టుకోని లోపలికొస్తా. ఆ కోక ఈడనే పెడ్తా" అంది. ఈ వయసులో రోజూ తలస్నానం ఎందుకమ్మా అంటే, "నా తమ్మునికి నేను ఇంత మాత్రం సేయలేదు. నా కోడలికన్నా సేయనీ" అంది. కోక తెచ్చి అప్పుడే దండెం మీద వేసింది.

హన్నమ్మకు కబురు పంపి డాక్టరమ్మను అడిగించాను. ఈ ఏర్పాటు చాలునని, సబ్బు మాత్రం మరవద్దని చెప్పిందట.

నీకు లేచింది మొదలు, వైశాఖ మాసంలో నేను నీ మొహం హాయిగా చూసింది లేదు. చల్లటి రోజులన్నీ నాకిచ్చావు. ఇప్పుడు ఎండలు కూడా కావాలని అడుగుతున్నాను. కాయ అయిపోయాక కాదు, ఉమా. ఇప్పుడే, కోత నడుస్తుండగానే రా. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వచ్చి పిలుచుకుపోతాను.

కొత్త గడప ముందు కూర్చుని రాస్తున్న
నీ బావ

*

నంద్యాల
24-4-1958

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం అమ్మకు పైకి చదవబోయి, సగంలో ఆపేస్తే రంగి తీసుకుని మిగిలింది చదివింది. కూడబలుక్కుంటూ చదువుతుంది కదా, 'తలస్నానం' దగ్గర ఆగి, "జేజి మనకోసరం దినామూ తలకు పోసుకుంటాదా?" అని అడిగింది. అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. పొయ్యి వెలిగించకుండా అక్కడే చాలాసేపు నిలబడింది.

అత్తతో చెప్పు, నీళ్ళు కాచి పెట్టడం నా పని. ఆమె వచ్చే వేళకు బండ పక్కన వేడినీళ్ళు ఉంటాయి. వీపు రుద్దడం రంగి పని అట, అదే చెప్పుకుంది.

నువ్వు పిలుచుకుపోవడానికి వస్తానన్నావు. వద్దు బావా, రావద్దు. నేనూ రంగీ సోమవారం పొద్దుటి బస్సుకు బయలుదేరతాం. ఆళ్ళగడ్డలో నువ్వు నన్ను ఎండాకాలం బస్సు ఎక్కించడమే చూశాను గాని, దించుకోవడం చూడలేదు. బస్సు ఆగేటప్పుడు నువ్వు కింద నిలబడి ఉండు. నేను కొంగు కప్పుకోకుండా దిగుతాను.

వస్తున్న
ఉమ